బావకి పడని రంగు

జూన్ 3

బుల్లి మరదలికి,

ఇక్కడ నా కుడి భుజం తప్ప మిగతా అందరం కులాసా. ఫోన్ చెయ్యకుండా ఈ ఉత్తరమేమిటని ముక్కు మీద వేలేసుకోకు. ఫోన్ తీస్తే మీ అక్క పక్కన చేరి నా నొప్పి గురించి నాకంటే ఎక్కువ చెబుతుంది. ఉత్తరంలోనైతే నా గోడు నేనే వెళ్ళబోసుకోవచ్చు.

సంగతేమిటంటే, మూడు నెలలుగా కుడిచెయ్యి చెవి దాటి పైకి పోవడం లేదు. ముప్పై ఎనిమిదేళ్ళుగా గోడలకి రంగులేసి బతుకుతున్న మేస్త్రీకి చెయ్యి చెవి దగ్గరే ఆగిపోతే ఇంకేముంది? మొన్న ఒక పంతులమ్మగారి హాలుకి కింది సగం వేసి, పై సగం వెయ్యలేక మధ్యలో గీత గీశాను. "ఇప్పుడందరూ ఇలాగే సగం సగం వేయించుకుంటున్నారండీ, ఇదే కొత్త పద్ధతి" అన్నాను. ఆవిడ మురిసిపోయి ఇంకో గదికి కూడా అలాగే వెయ్యమంది. ఇంటికొచ్చి చెబితే మీ అక్క పడీ పడీ నవ్వింది. తర్వాత వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకుంది. నేను చూడలేదనుకుంది.

ఇక్కడి ఆసుపత్రిలో వ్యాయామాలు చేయించే మాస్టారొకాయన ఉన్నాడు. భుజం కీలు బిగుసుకుపోతోందట. ఈ రెండు నెలలూ రోజూ కదిలించకపోతే ఆ చెయ్యి మళ్ళీ పైకి లేస్తుందన్న ఆశ వదులుకోవాలట. కదిలిస్తే ప్రాణం పోతోంది. నొప్పి బిళ్ళ వేసుకుని కదిలించమంటాడు. నొప్పి బిళ్ళ వేసుకుంటే నా మొహం ఏమవుతుందో నీకు తెలుసు. నీ పెళ్ళి ఫోటోల్లో ఒక మూల గుమ్మడికాయంత తల ఒకటుంటుంది, అది నేనే. ఆ రోజు పంటినొప్పికి బిళ్ళ వేసుకున్నాను.

అయితే ఇన్నేళ్ళ అనుభవం మీద నేనొకటి కనిపెట్టాను. నాకు పడనిది మందు కాదు, గులాబీ రంగు. వాచిన ప్రతిసారీ బిళ్ళ గులాబీదే, కాకపోతే దాని అక్కచెల్లెళ్ళు. అందుకే ఇంట్లో గులాబీ సబ్బు కూడా మానేశాం. నువ్వు ఆసుపత్రి మందుల గదిలో పాతికేళ్ళుగా ఉన్నావు కదా, గులాబీ కాని నొప్పి బిళ్ళ ఒకటి చూసి పంపు. తెల్లదైతే మరీ మంచిది.

ఇట్లు,
నీ సగం గోడ బావ

---

జూన్ 8

బావగారికి,

మీ ఉత్తరం చదివి ముందు నవ్వాను, తర్వాత భయపడ్డాను, ఆ తర్వాత మీ మీద కోపమొచ్చింది. ఆ వరసలోనే జవాబు రాస్తున్నాను.

నవ్వు ఎందుకంటే, ఆరేళ్ళ కిందట అక్కకి నేనొక గులాబీ దుప్పటి ఇచ్చాను. ఆ మరుసటి ఏడు వచ్చి చూస్తే మీ రంగు డబ్బాల మీద కప్పి ఉంది. "నేనిచ్చింది కదా, అంత లోకువ" అని అప్పటినుంచీ అక్కతో అంటీముట్టనట్టున్నాను. పాపం, మీ మూతి వాచకుండా తీసి పారేసిందన్నమాట! ఆ మాట నాకో ముక్క చెబితే ఏం పోయిందట?

ఇక భయం. బావా, మాత్ర రంగుకీ మీ వాపుకీ సంబంధం లేదు. మాత్ర మీది రంగు కంపెనీ తొడిగిన చొక్కా. లోపలున్న మనిషి ఎవరన్నదే ముఖ్యం. కొంతమందికి వాపునీ నొప్పినీ తగ్గించే మామూలు మందులు ఏవీ పడవు. ఒకటి పడకపోతే దాని బంధువులూ పడవు. దద్దుర్లతో మొదలై ఊపిరి దాకా వస్తుంది. తెల్లదైతే మంచిదని ఏదో షాపులో ఒకటి కొని గుటుక్కున మింగేరు. నేను చెప్పేదాకా ఏమీ వేసుకోవద్దు. ఏమీ అంటే ఏమీ వద్దు.

కోపం ఎందుకంటే, మూడు నెలలుగా నొప్పి ఉంటే ఇప్పుడా చెప్పడం?

ఇంతవరకూ ఏయే మందులు పడలేదో, ఏమైందో, పేర్లతో సహా రాసి పంపండి. మా ఎలర్జీ డాక్టరమ్మకి చూపిస్తాను.

మీ మరదలు

---

జూన్ 14

మరదలా,

పేర్లట, పేర్లు! ఇరవై ఏళ్ళ కిందట మింగిన బిళ్ళ పేరు ఎవడికి గుర్తుంటుంది? నాకు రంగు గుర్తుంటుంది. అది నా వృత్తి. ఒకసారి చూసిన రంగు నా కంటికి చిక్కితే చచ్చేదాకా పోదు. అందుకని నీకు మాటలతో పని లేకుండా షేడ్ కార్డు తయారు చేసి జత చేశాను. నాలుగు మచ్చలూ నాలుగు రోజులు కలిపాను, ఎడంచేత్తో.

మొదటిది: పంటినొప్పి. మందారంలో పాలు కలిసినట్టుండే గులాబీ. నీ పెళ్ళి.

రెండోది: నడుంనొప్పి. ఇటుక ఎరుపు, మీద మెరుగు. ఒళ్ళంతా దద్దుర్లు. మీ అక్క పటం చూసినట్టు చూసి, "వీపు మీద ఖండాలన్నీ ఉన్నాయండీ, సముద్రాలే తక్కువ" అంది.

మూడోది: జ్వరం. వెలిసిన నారింజ. ఇది కలపడం కష్టమైంది, ఒక చుక్క పసుపు ఎక్కువైతే పాడైపోతుంది. ఆ రోజు కళ్ళు మూసుకుపోయాయి.

నాలుగోది: మోకాలికి. మళ్ళీ గులాబీ, కాస్త బూడిద తగిలింది. ఏమైందో మీ అక్క చెబుతుంది. నేను చెప్పను.

తెల్లది ఒక్కటీ లేదు చూశావా? అదీ సంగతి. నీ చొక్కా సిద్ధాంతం నాకు నచ్చలేదు.

నీ బావ

తా.క. అక్క రాయమన్న మాట: దుప్పటి ఉతికి మంచం మీద వేసిందట. రెండు రోజుల నుంచీ నేను కింద పడుకుంటున్నాను.

---

జూన్ 20

బావగారికి,

మీ షేడ్ కార్డు పట్టుకుని మందుల గదంతా తిరిగాను. "ఇంటికి రంగులేయిస్తున్నారా మేడమ్?" అని అందరూ అడిగారు. నాలుగు మచ్చలకీ నాలుగు మాత్రలు దొరికాయి! పాత మందులైనా ఇప్పటికీ అదే రంగులో వస్తున్నాయి. పక్కపక్కన పెట్టి చూస్తే వెంట్రుకవాసి తేడా లేదు. డాక్టరమ్మ తన సర్వీసులో ఇలాంటి రోగిని చూడలేదంది. కార్డు మీ ఫైలులో అంటించింది.

అందులో మూడు ఒకే మందు. ఒకే మనిషి మూడు చొక్కాలు తొడుక్కొచ్చి మిమ్మల్ని కొట్టిపోయాడు. నాలుగోది వాడి పినతండ్రి కొడుకు.

నాలుగోసారి ఏమైందో అక్క ఫోన్‌లో చెప్పింది. నిచ్చెనలు పెట్టే షెడ్డులో ఊపిరాడక గోడకి జారగిలబడి ఉన్నారట. మాకెవరికీ ఇన్నేళ్ళూ చెప్పలేదు. దాని గురించి నేనేమీ రాయను. రాస్తే ఉత్తరం తడుస్తుంది.

ఇప్పుడు పని సంగతి. మీలాంటి వాళ్ళకి కూడా పడే అవకాశమున్న నొప్పి మందులు కొన్ని ఉన్నాయి. కానీ "పడొచ్చు" అంటే కుదరదు, చూసి తేల్చుకోవాలి. ఆసుపత్రిలో కూర్చోబెట్టి కొద్దికొద్దిగా ఇస్తూ, ప్రతి విడతకీ ఊపిరీ నాడీ చూస్తారు. ఏదైనా అయితే విరుగుడు చేతిలోనే ఉంటుంది. మా డాక్టరమ్మ ప్రతి సోమ, మంగళవారాలు మీ ఊరి ఆసుపత్రికి వస్తుంది. జూలై 1, 2 తేదీల్లో మీకు రాయించాను. రెండు రోజులూ వెళ్ళాలి. ఏమిచ్చారో అడగొద్దు, చెప్పరు. చెప్పకపోవడం కూడా పరీక్షలో భాగమే.

మీ మరదలు

---

జూలై 2

బంగారు మరదలికి,

నీ నోట్లో చక్కెర పొయ్య! నేను ఓడిపోయాను, నువ్వు గెలిచావు. నీ డాక్టరమ్మ దేవత.

నిన్న పొద్దున వెళ్ళాం. తెల్లటి గది, కిటికీకి రంగు పెచ్చులూడుతోంది, ప్రైమర్ వెయ్యకుండా వేశారు. నర్సమ్మ నా వేలికి ఒక క్లిప్పు తగిలించి చిన్న బిళ్ళముక్క ఇచ్చింది. మింగాను. గుండె డోలు వాయించింది. పది నిమిషాలకి గోకుడు మొదలైంది. నాకు కాదు, మీ అక్కకి! మెడ గోక్కుంది, మోచెయ్యి గోక్కుంది, "నాకేదో అవుతోందమ్మా" అంది. నర్సమ్మ నా వేలి క్లిప్పు పీకి ఆవిడకి తగిలించింది. డాక్టరమ్మ వచ్చి ఆవిడ నాలుక చూసింది. ఆవిడకేమీ లేదు. గంట తర్వాత నాకు ఇంకో ముక్క, ఆ తర్వాత ఇంకొకటి.

మధ్యాహ్నానికి చూసుకుంటే నొప్పి లేదు! ఒట్టు. చెయ్యి చెవి దాటింది. నర్సమ్మ దువ్వెన తీసుకుని నా తల నేనే దువ్వుకున్నాను. తల మీద పెద్దగా ఏమీ లేదనుకో, అయినా దువ్వాను. ఊపిరి పూర్తిగా ఆడింది.

ఇంక రెండో రోజు దేనికి? "మందు దొరికింది, చాలమ్మా" అని చెప్పి వచ్చేశాను. డాక్టరమ్మ ఏదో చెప్పబోయింది. పేషంట్ల సంతోషం చూసి వాళ్ళకి మాట రాదు కాబోలు.

ఆ బిళ్ళ పేరు రాసి పంపు. వాళ్ళు చెప్పలేదు గానీ రంగు చూసుకున్నాను. తెలుపే! అందులో రవ్వంత మీగడ. మచ్చ వేసి జత చేశాను. గులాబీ కాదు చూశావా, నేను మొదట్నుంచీ అంటున్నదదే.

ఆనందంతో,
నీ బావ

---

జూలై 6

బావగారికి,

మీ ఆనందం చూసి నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. డాక్టరమ్మ కూడా ఫోన్ చేసింది. ఆవిడకీ తెలియలేదట.

దయచేసి రెండో రోజు పరీక్షకి వెళ్ళండి. మొదటి రోజుది మాత్రమే చాలదు. ఎందుకు చాలదో ఇప్పుడు రాయలేను. ఆ మాత్ర పేరు కూడా రాయలేను. పరీక్ష పూర్తయ్యేదాకా చెప్పొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. దాన్ని బయట వెతక్కండి, బయట దొరకదు. నా మాట నమ్మండి, అంతే.

మీ మరదలు

---

జూలై 11

మరదలికి,

నీ ఉత్తరం అందింది. మింగలేక కక్కలేక రాసినట్టుంది. "పేరు చెప్పలేను, బయట దొరకదు, నమ్మండి." ఇలాంటి మాటలు ఎప్పుడంటారో నాకు తెలుసు. అది మత్తుమందు! అందుకే అంత హాయిగా ఉంది. బావ ఈ వయసులో అలవాటు పడిపోతాడని నీ భయం. చెప్తే అర్థం చేసుకోనా? నేనేమన్నా పసివాణ్ణా?

మీ అక్క ఇంకో లెక్క వేసింది. నాకేదో పెద్ద జబ్బు బయటపడిందనీ, నువ్వు దాస్తున్నావనీ. మూడు రోజులుగా నేను ఏది అడిగినా కాదనకుండా చేసి పెడుతోంది. దాంతో నాకు కూడా అనుమానం పట్టుకుంది.

ఈలోగా నొప్పి తిరిగొచ్చింది, వడ్డీతో సహా. వ్యాయామాల మాస్టారు నిన్న చెయ్యి పట్టుకుని ఎత్తబోతే వీధిలో వాళ్ళు తొంగిచూసేలా అరిచాను. అందుకని నా దారి నేను చూసుకున్నాను. మీగడ తెలుపు మచ్చ పట్టుకుని మందుల షాపుకి వెళ్ళి, "ఈ రంగు నొప్పి బిళ్ళ ఉందా?" అన్నాను. ఆయన కాసేపు నన్ను చూసి, నాలుగు రకాలు బల్ల మీద పరిచాడు. ఒకటి నీలం తగిలిన తెలుపు. ఒకటి సున్నం. ఒకటి పసుపు పారింది. నాలుగోది అచ్చం అదే! బయట దొరకదన్నావుగా, దొరికింది.

మీ అక్క ఆదివారం పొద్దున కుట్టుపని నేర్పడానికి వెళ్తుంది. అప్పుడు వేసుకుంటాను. ఆవిడ పక్కనుంటే ఆవిడకి దురద.

నీ బావ

---

జూలై 13

బావా,

ఇందాక ఫోన్ చేశాను. అక్క అరుపుల్లో నా మాట మీకు వినపడి ఉండదు, అందుకే రాస్తున్నాను. మీ ఉత్తరం చదివిన కంగారులో ఫోన్‌లో నంబరు రెండుసార్లు తప్పు నొక్కాను. మీరు కొన్న బిళ్ళల అట్ట మీద పేరు అక్క చదివి చెప్పింది. అది వాడే బావా. పంటినొప్పివాడు, నడుంనొప్పివాడు, జ్వరంవాడు. ఈసారి తెల్లచొక్కా తొడుక్కొచ్చాడు. రేపు పొద్దున ఇంట్లో ఒక్కరే ఉండి మీరది మింగేవారు.

అక్క దాన్ని రంగు డబ్బాలో పడేసి కర్రతో కలిపిందట. బాగా చేసింది.

ఇప్పుడు నిజం చెబుతాను. డాక్టరమ్మ తిడితే పడతాను. మొదటి రోజు మీకిచ్చింది మందు కాదు. పిండి. పిండీ, కాస్త పంచదారా కలిపి బిళ్ళగా ఒత్తింది. అందరికీ ముందు అదే ఇస్తారు. ఎందుకంటే ఒకసారి ఊపిరాడక భయపడ్డవాళ్ళకి ఏ మాత్ర చూసినా దురద పుడుతుంది, గుండె కొట్టుకుంటుంది. అది భయమా, మందా అని తేలాలి కదా. అసలు మందు రెండో రోజు ఇస్తారు. మీరు పారిపోయింది ఆ రోజే.

మీకే జబ్బూ లేదు. అది మత్తుమందూ కాదు. ముందే చెప్పకపోవడం నా తప్పు. రూల్ అని కూర్చున్నాను. రూల్ కంటే మీ సంగతి నాకు బాగా తెలిసి ఉండాల్సింది.

మీ మరదలు

---

జూలై 18

మరదలికి,

పిండి!

రెండు రోజులు గది దాటి బయటికి రాలేదు. పిండి తిని దువ్వెన అడిగి తల దువ్వుకున్నాను. నర్సమ్మకి చెయ్యెత్తి దణ్ణం కూడా పెట్టాను, అది నీకు రాయలేదు. ఆ గదిలో ఉన్నవాళ్ళంతా ఎలా నవ్వు ఆపుకున్నారో!

కానీ నా బాధ అది కాదు. పిండికి పోయిన నొప్పి అసలు నొప్పేనా? నాలుగు నెలలుగా నేను నటిస్తున్నానా? మీ అక్క మొహం చూడలేకపోయాను. నా కోసం వంటింట్లో కళ్ళు తుడుచుకున్న మనిషి. చివరికి ఆవిడే వచ్చి పక్కన కూర్చుని, "మీకు పిండి తింటే నొప్పి పోయింది. నాకు పిండి తినకుండానే దురద వచ్చింది. ఇద్దరిలో ఎవరిది పెద్ద వేషం?" అంది. ఇద్దరం నవ్వుకున్నాం.

నీకొకటి చెబుతాను. నాకు భయం మరదలా. షెడ్డులో గొంతు మూసుకుపోయిన రోజు నుంచీ భయం. అందుకే రంగు మీదకి నెట్టాను. రంగైతే నాకు తెలుసు, చూసి తప్పుకోవచ్చు. లోపలున్నది నాకు కనపడదు. రెండో రోజు వద్దని వచ్చేసింది కూడా నొప్పి పోయిందని మాత్రమే కాదు. ఇంకో బిళ్ళ మింగాల్సి వస్తుందని.

మాస్టారు ఇంకా రెండు వారాలే అన్నాడు. సోమవారం వెళ్తాను. ఒక్క షరతు. ఏమిస్తున్నారో నాకు చెప్పొద్దు. ఈసారి కూడా పిండే అనుకుని మింగుతాను.

నీ బావ

---

జూలై 23

మరదలా,

వెళ్ళొచ్చాను, బతికే ఉన్నాను. వరసగా చెప్తాను.

మొదటి ముక్క మింగాను. పిండే కదా అని ధీమా. గంటైంది, నొప్పి తగ్గలేదు. నర్సమ్మని పిలిచి, "మొన్నటి పిండే బాగుందమ్మా, ఈసారి కల్తీ జరిగినట్టుంది" అన్నాను. ఆవిడ చీర కొంగు నోట్లో కుక్కుకుంది. ఇంకో ముక్క. ఊపిరి ఊదించారు, వీపు చూశారు. ఖండాలు లేవు. మధ్యాహ్నం పెద్ద ముక్క. అది మింగి కుర్చీలో కునుకు తీశాను. మీ అక్క మాత్రం తలుపవతల బల్ల మీద కూర్చుని నర్సమ్మలకి కుట్టుపని నేర్పింది. లోపలికి రానివ్వలేదులే, దురదకి భయపడి.

సాయంత్రం డాక్టరమ్మ వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది. "మేస్త్రీగారూ, మొదటి ముక్క నుంచీ మీరు మింగింది అసలు మందే. పూర్తి మోతాదు లోపలికెళ్ళి మూడు గంటలైంది. చెయ్యి ఎత్తండి" అంది. పెదాలు తడుముకున్నాను. పెదాలు పెదాల్లాగే ఉన్నాయి. చెయ్యి ఎత్తాను. చెవి దాటింది. నొప్పి ఉంది, కానీ ఓర్చుకునే నొప్పి. "మొన్నటిలా పూర్తిగా పోలేదేం?" అంటే, "మందు కదండీ, పిండి అంత బాగా పనిచెయ్యదు" అంది. నీ స్నేహితురాలికి నీ నోరే వచ్చింది.

ఇవాళ కూడా రమ్మని ఊపిరీ వీపూ మళ్ళీ చూసి, ఒక కార్డు రాసిచ్చారు. ఏవి వేసుకోకూడదో ఒక వైపు, వేసుకోదగ్గది ఒక వైపు. పేర్లతో! జేబులో పెట్టుకున్నాను. పేరు చదివే మందు తీసుకుంటానని మీ అక్క నాచేత ప్రమాణం చేయించింది. ఇవాళే మందు వేసుకున్న గంటకి మాస్టారు చెయ్యి లాగాడు. అరిచాను, కానీ వీధి దాకా వినపడలేదు.

నీ బావ

---

ఆగస్టు 27

మరదలా,

నెల దాటింది రాసి. చేతికి పని ఎక్కువైంది, అదే శుభవార్త.

మాస్టారు మొన్న ఇక రావక్కర్లేదన్నాడు. నాకు ధైర్యం చాలలేదు. ఊళ్ళో ఎవరి గోడో ఎక్కి సగంలో ఆగిపోతే? అందుకని నిన్న మా ముందుగదికే నిచ్చెన వేశాను. మీ అక్క కింద పట్టుకుంది. ఒక మాట మాట్లాడలేదు, ఆవిడ! నేల నుంచి మొదలుపెట్టాను. భుజం దాకా వచ్చాను. చెవి దాకా వచ్చాను. నిచ్చెన రెండు మెట్లు ఎక్కి, కప్పు అంచు దాకా వేశాను. నాలుగు గోడలూ. మధ్యలో ఎక్కడా గీత గియ్యలేదు.

దిగబోతుంటే, "అదిగో, ఆ పైమూల వదిలేశారు" అంది.

చూశాను. ఆ మూల ఏమీ మిగల్లేదు, నా కళ్ళకి తెలియదా? కిందికి చూస్తే ఆవిడ మూల వైపు చూడటం లేదు. నా చేతి వైపు చూస్తోంది. బ్రష్ ముంచి, చెయ్యెత్తి, ఆ మూలకి ఇంకో పూత వేశాను.

"ఇటుపక్క కూడా" అంది.

అటు కూడా వేశాను.

నీ బావ